ఐదు చేలు, ఒక బోదె: నియమాలతో దారులు కొట్టేసుకుంటూ జవాబు చేరడం ఎలా

దాళ్వాలో (రబీ వరి పంటలో) కాలువకు నీళ్లు తగ్గాయంటే మా కోనసీమ ఊళ్లలో ఇంటింటా ఒకటే మాట: వంతు. ఈ రోజు నీ చేను, రేపు నా చేను. గోదావరిలో ఎంత పారుతోంది, సీలేరు నుంచి ఎంత వదులుతున్నారు, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి మధ్య డెల్టాకు ఎంత వాటా వస్తోంది అన్నవి మన చేతిలో ఉండేవి కావు. తూము దగ్గర నుంచి మన బోదెలోకి, అంటే చేలకు నీళ్లు తెచ్చే పిల్ల కాలువలోకి, దిగిన నీళ్లు ఎవరికి ఏ రోజు అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. అక్కడే గొంతులు లేస్తాయి.

ఒక ఏడు మా బోదె మీద ఐదు చేలకు ఐదు రోజులు వచ్చాయి. రెండు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అరుచుకున్నాక పాత పంచాంగం వెనకట్ట మీద రాసి చూస్తే పావుగంటలో తేలిపోయింది. తర్కం అంటే పుస్తకాల్లో ఉండే వ్యవహారం కాదని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. తర్కం కొత్తగా ఏదీ పుట్టించదు. ముందున్న దారుల్లోంచి నడవనివాటిని కొట్టేస్తుంది, అంతే. ఒక్కో నియమం కొన్ని దారులను మూసేస్తుంది. చివరికి తెరిచి ఉన్నదే జవాబు. ఆ కొట్టేసే పని వరసగా ఎలా చేయాలో ఆ ఐదు చేలనే పట్టుకుని చెబుతాను. లెక్క తేలిగ్గా ఉండాలని వివరాలు కొంచెం సర్దాను.

మొదటి అడుగు: నియమాల జోలికి వెళ్లకముందే దారులన్నీ లెక్కపెట్టండి

మనుషులం ఏ గొడవలోనైనా రెండు మూడు దారులే ఊహించుకుని వాటి మీదే కొట్టుకుంటాం. "ముందు ఎగువ చేనా, దిగువ చేనా?" అని మొదలుపెడితే అక్కడే చిక్కుకుంటాం. కాబట్టి ముందు మొత్తం ఎన్ని వరసలు వీలవుతాయో చూడాలి.

ఐదుగురం: తాత (మాకు వరసకు తాత, చేను బోదె చివర శివారులో), పెదనాన్న (చేను తూము పక్కనే), బాబాయి, మావయ్య, మేము. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒకరు. సోమవారానికి ఐదుగురిలో ఎవరైనా సరే. మంగళవారానికి మిగిలిన నలుగురిలో ఒకరు. ఇలా ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి గుణిస్తే 120. అరుగు మీద మేం అరుచుకున్నది అందులో మూడు వరసల గురించి. మిగతా 117 ఎవరికీ తట్టనే లేదు.

అన్నీ కాగితం మీద రాయక్కర్లేదు. ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలు. ఆ అంకె తెలిశాకే ఏ నియమం ఎంత కోస్తోందో కొలవగలం.

కోత ఎంత పదునుగా ఉంటుందో చూడాలంటే మన పద్యమే మంచి సాక్ష్యం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. ఒక్కో అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. అంటే రెండును ఇరవై సార్లు గుణించాలి: 10,48,576 రకాల పాదాలు. అందులో భ, ర, న, భ, భ, ర, వ అనే గణాల వరస ఒక్కటే ఉత్పలమాల. అది ఎన్నోదో కూడా చెప్పొచ్చు. పాదంలో మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, తర్వాత 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి. లఘువులున్న చోట్ల అంకెలు మాత్రమే కూడి, చివర ఒకటి కలపండి. ముందు చిన్నదాంతో సరిచూసుకుంటే నమ్మకం కుదురుతుంది: య గణం లఘువు, గురువు, గురువు. లఘువు మొదటి చోటే ఉంది కాబట్టి 1, దానికి ఒకటి కలిపితే 2. మ, య, ర, స, త, జ, భ, న అనే ప్రస్తారంలో (గురులఘువుల వరసలన్నీ క్రమంగా రాసిన పట్టీలో) య గణం నిజంగానే రెండోది. ఉత్పలమాలకూ ఇలాగే చేస్తే 3,55,799 వస్తుంది. పది లక్షల పైచిలుకు పాదాల్లో సరిగ్గా 3,55,799వది. ఛందస్సు చదువుకున్నవాళ్లు దీన్ని ఉద్దిష్టం అంటారు. ఈ లెక్కలకు మూలం పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే ఉంది.

పది లక్షల దారులు మూసేసి ఒక్కటే వదిలితే కవికి ఊపిరాడదు అనుకోవాలి కదా! దానిమీద పదో అక్షరానికి యతి, రెండో అక్షరానికి ప్రాస కూడా ఉన్నాయి. అయినా ఆ ఒక్క సన్నని దారిలో ఇన్ని శతాబ్దాలుగా పద్యాలు నడుస్తూనే ఉన్నాయి. నియమం గురులఘువుల వరసను బిగించింది గానీ మాటలను వదిలేసింది. ఏ నియమమైనా ఏది బిగిస్తోంది, ఏది వదిలేస్తోంది అన్నది విడివిడిగా చూడటం అలవాటు చేసుకోండి.

రెండో అడుగు: నియమమేదో, అలవాటేదో వేరు చేయండి

నియమాలన్నీ ఒక చోట రాశాక ఒక్కోదాని పక్కన "ఇది తప్పితే ఏమవుతుంది?" అని రాయండి. జవాబును బట్టి అవి మూడు రకాలుగా విడిపోతాయి.

కొన్ని తప్పడానికి వీల్లేనివి. నీళ్లు పల్లానికే పారతాయి. మెరక చేనుకు నీళ్లెక్కాలంటే ఇంజను పెట్టాల్సిందే, బతిమాలితే ఎక్కవు. కొన్ని మనుషులు ఒప్పుకున్నవి. శివారు చేను తడిశాకే తూము పక్క చేను తడపాలన్నది అలాంటిది. తప్పొచ్చు, కానీ తప్పితే గొడవ. మూడో రకం వట్టి అలవాటు. "మా నాన్న రోజుల నుంచి ఇంతే" అన్న మాట వినిపిస్తే అది నియమమో అలవాటో ఒకసారి గీకి చూడండి.

అన్నిటికన్నా మోసకారి ఏదంటే, ఎవరూ పెట్టకపోయినా మన బుర్రలో మనమే పెట్టేసుకునే నియమం. చిన్నప్పుడు రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం కాచుకుని కూర్చున్నప్పుడు విన్న పొడుపులెక్క గుర్తుందా? ఒక మనిషి పులిని, మేకను, గడ్డిమోపును ఏరు దాటించాలి. పడవలో తనతో పాటు ఒక్కటే పడుతుంది. తను లేకపోతే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. యూరప్‌లోనూ ఈ లెక్క పాతదే. 8వ శతాబ్దపు పండితుడు ఆల్క్విన్ పేరు మీద ఉన్న లెక్కల్లో తోడేలు, మేక, క్యాబేజీ ఉంటాయి.

మనిషి, పులి, మేక, గడ్డి ఒక్కొక్కరు ఈ గట్టునైనా ఉండాలి, ఆ గట్టునైనా ఉండాలి. మొత్తం 16 స్థితులు. తినేసే నియమాలు అందులో 6 కొట్టేస్తాయి. 10 మిగులుతాయి. ఆ పదింటి మీదుగా ఏడు దాటుళ్లలో పని అవుతుంది: మేకను దించు, ఖాళీగా రా, పులిని దించు, మేకను వెనక్కి తీసుకురా, గడ్డిని దించు, ఖాళీగా రా, మేకను దించు.

ఈ లెక్క నేను చాలామంది పిల్లలకు ఇచ్చాను. దాదాపు అందరూ ఆగిపోయేది ఒకే చోట, మేకను వెనక్కి తెచ్చే చోట. "దాటించినదాన్ని మళ్లీ తేకూడదు" అని ఎవరూ అనలేదు. వాళ్లే అనేసుకున్నారు. దారి కనిపించనప్పుడు ముందు వెతకాల్సింది ఇలాంటి దొంగ నియమం కోసమే.

మూడో అడుగు: మాటను సరిచేయండి

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. నియమం మనకు అంకెల్లో రాదు, మాటల్లో వస్తుంది. తెలుగులో ఒక్క అక్షరం తేడాతో నియమం తిరగబడుతుంది.

ఊడ్చడం అంటే మా వైపు వరి నాట్లు వేయడం. "నీళ్లొస్తే ఊడుస్తాం." "నీళ్లొస్తేనే ఊడుస్తాం." మొదటిదాంట్లో నీళ్లు వస్తే ఊడ్పులు ఖాయం. నీళ్లు రాకపోతే సంగతి చెప్పలేదు, బోరు ఉంటే బోరుతోనైనా ఊడవచ్చు. రెండోదాంట్లో నీళ్లు రాకపోతే ఊడ్పులు లేవన్నది ఖాయం. వచ్చినా కూలీలు దొరక్క ఊడవకపోవచ్చు. "తే" ఒక దారి మూస్తుంది, "తేనే" ఇంకో దారి మూస్తుంది. వీలయ్యే నాలుగు దారులూ రాసి చూడండి: నీళ్లు వచ్చి ఊడవడం, వచ్చి ఊడవకపోవడం, రాక ఊడవడం, రాక ఊడవకపోవడం. "తే" రెండోదాన్ని కొట్టేస్తుంది. "తేనే" మూడోదాన్ని కొట్టేస్తుంది. "చదివితే పాసవుతావు", "చదివితేనే పాసవుతావు" అన్నవాటి మధ్య కూడా ఇదే తేడా. ఇంట్లో పిల్లాడు ఫెయిలయ్యాక మీరు ఏది అన్నారన్నది ముఖ్యమవుతుంది.

ఇంకోటి: "అందరూ రాలేదు." ఒక్కరూ రాలేదా, కొందరు రాలేదా? తెలుగులో రెండూ అర్థాలే. నీటి సంఘం మీటింగులో ఎవరైనా ఈ మాటంటే వెంటనే "ఎవరైనా వచ్చారా?" అని అడిగేయండి. "లేదా" అన్నప్పుడు కూడా రెండూ కలిసి ఉండొచ్చా, ఒక్కటే ఉండాలా అని అడగాలి. కాఫీ లేదా టీ అంటే ఒకటే. ఆధార్ లేదా ఓటరు కార్డు తెమ్మంటే రెండూ తెచ్చినవాణ్ణి ఎవరూ వెనక్కి పంపరు.

"తే" వాక్యాన్ని తిరగేయడం మహా ప్రమాదం. తర్కశాస్త్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీద పొగ. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి నిప్పు ఉంది. 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలోనూ ఈ పాఠం ఇలాగే సాగుతుంది. మరి నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడమంటారు నైయాయికులు, అంటే న్యాయ దర్శనం చదివిన తర్క పండితులు. నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కూడా కలవాలి. మా దగ్గర కొండలు లేవు గనక నేను కొలిమి దగ్గర చూసి నేర్చుకున్నాను.

దీన్ని తిరగేసి నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఒక ఆగస్టులో గోదావరి మధ్య లంకలో ఉన్న చుట్టాలింటికి బండి మీద బయల్దేరాను. పొద్దున టీవీలో మొదటి హెచ్చరిక కూడా లేదన్నారు. హెచ్చరిక ఉంటే దారి మునుగుతుంది, హెచ్చరిక లేదు కాబట్టి దారి ఉంది అనుకున్నాను. వెళ్లేసరికి కాజ్‌వే మీద మోకాటిలోతు నీళ్లు. కొన్ని లంకల కాజ్‌వేలు మొదటి హెచ్చరికకు ముందే మునుగుతాయి. "హెచ్చరిక ఉంటే మునుగుతుంది" అన్న మాట, హెచ్చరిక లేని రోజు గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ రోజు పడవ కట్టేదాకా గట్టు మీద నాలుగు గంటలు కూర్చుని ఈ వాక్యాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాను.

మీకు పట్టుందో లేదో చూసుకోవడానికి చిన్న పరీక్ష. గోడకు ఆనించి నాలుగు విత్తనాల సంచులున్నాయి. నియమం: ఎర్ర దారంతో కుట్టిన సంచైతే లోపల స్వర్ణ రకమే ఉండాలి. మొదటి సంచికి ఎర్ర దారం కనిపిస్తోంది, లోపలేముందో తెలియదు. రెండోదానికి తెల్ల దారం. మూడోది ఒక పక్క చిరిగి స్వర్ణ గింజ కనిపిస్తోంది, దారం గోడవైపు ఉంది. నాలుగోది చిరిగి 1010 అనే వేరే రకం గింజ కనిపిస్తోంది, దీని దారమూ గోడవైపే. నియమం తప్పిందో లేదో తేల్చాలంటే ఏ సంచులు తిప్పి చూడాలి?

చాలామంది మొదటిది, మూడోది అంటారు. మొదటిది నిజమే. మూడోదానికి ఏ దారం ఉన్నా నియమం తప్పదు, ఎందుకంటే తెల్ల దారం సంచిలో స్వర్ణ ఉండకూడదని ఎవరూ అనలేదు. తిప్పాల్సింది నాలుగోది. దానికి ఎర్ర దారం ఉంటే నియమం తప్పినట్టే. ఇదే లెక్కను అక్షరాలు, అంకెలు రాసిన కార్డులతో 1966లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చదువుకున్నవాళ్ల ముందే పెట్టాడు. సరిగ్గా చెప్పినవాళ్లు బహు కొద్దిమంది. కాబట్టి తప్పు చెప్పి ఉంటే చిన్నబుచ్చుకోకండి. నియమం నిజమని చూపించేదాని కోసం మనం వెతుకుతాం, అది తప్పని పట్టించేదాని కోసం వెతకం.

నాలుగో అడుగు: ఒక్కో నియమంతో కోయండి

ఇప్పుడు మా బోదె దగ్గరికి వద్దాం. మాటలు సరిచేసుకున్నాక తేలిన నియమాలు ఇవి.

1. తాతది శివారు చేను. తాత తడుపుకున్నాకే, ఎప్పుడో ఒక రోజు, పెదనాన్న.
2. మావయ్య, మేము పక్కపక్క రోజుల్లో ఉండాలి. ఇద్దరివీ మెరక చేలు, ఇద్దరికీ కలిపి ఒకటే ఆయిలింజను అద్దెకు వస్తుంది. ఎవరు ముందైనా ఫర్వాలేదు.
3. బాబాయికి మంగళ, బుధ వారాలు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో పని. ఆ రెండు రోజులూ కుదరదు.
4. శుక్రవారం మేము రాజోలులో పెళ్లికి వెళ్లాలి.
5. పెదనాన్న చేను పొట్టమీదుంది (కంకులు బయటికి రాబోతున్నాయి). బుధవారం దాటితే గింజ తాలైపోతుంది.
6. సోమవారం తాత ముక్తేశ్వరం రేవులో పంటెక్కి కోటిపల్లి సోమేశ్వరస్వామి గుడికి వెళ్తాడు.

120తో మొదలుపెడదాం. మొదటి నియమం సగం కోస్తుంది, ఎందుకంటే తాత ముందున్న వరసలెన్నో పెదనాన్న ముందున్నవీ అన్నే. 60 మిగిలాయి. రెండోదానికి మావయ్యను, మమ్మల్ని ఒకే మూటగా కట్టండి. మూటతో కలిపి నాలుగు వస్తువులు, 24 వరసలు. మూటలో ఎవరు ముందన్నది రెండు రకాలు, 48. తాత నియమంతో సగం, 24. మూడోదాంతో బాబాయి మంగళ, బుధల్లో పడే 8 పోయి 16. నాలుగోది, మా పెళ్లి, ఎంత కోసిందో ఊహించండి. ఒక్కటే! 15 మిగిలాయి. అరుగు మీద అందరికన్నా గట్టిగా అరిచింది మేమే. ఐదోది, పెదనాన్న మెల్లగా ఒక మూల కూర్చుని చెప్పింది, ఒక్క దెబ్బకు 15ను 3 చేసింది. ఆరోదాంతో ఒక్కటే మిగిలింది:

సోమవారం బాబాయి, మంగళవారం తాత, బుధవారం పెదనాన్న, గురువారం మేము, శుక్రవారం మావయ్య.

ఐదో అడుగు: నియమాలను కలిపి చూడండి, పనిలేనివి పట్టుకోండి

ఒక్కొక్కటిగా కోయడం ఖాయమైన పద్ధతే గానీ చాకిరీ ఎక్కువ. ఒకే మనిషి చుట్టూ తిరిగే నియమాలను కలిపితే పని ఇట్టే తెగుతుంది. తాత సోమవారం కాదు. పెదనాన్న బుధవారం దాటకూడదు. తాత పెదనాన్నకు ముందుండాలి. ఈ మూడూ ఒక చోట పెట్టండి. తాతకు మంగళవారం, పెదనాన్నకు బుధవారం తప్ప ఇంకేవీ కుదరవు. మిగిలినవి సోమ, గురు, శుక్ర వారాలు. పక్కపక్క రోజులు గురు, శుక్రలే, కాబట్టి అవి మావయ్యకు, మాకు. మాకు శుక్రవారం కుదరదు కాబట్టి గురువారం. బాబాయికి సోమవారం దానంతటదే వచ్చింది.

గమనించారా? బాబాయి అంబాజీపేట పని సంగతి ఎక్కడా వాడలేదు. ముందు లెక్కలో అది 8 వరసలు కోసింది నిజమే, కానీ మిగతా ఐదు నియమాలూ కలిస్తే ఆ 8 ఎలాగూ పోయేవే. ఒక నియమం బలం అది ఒంటరిగా ఎంత కోస్తుందన్నదానితో తేలదు. మిగతావన్నీ ఉండగా దాన్ని తీసేస్తే జవాబు మారుతుందా అన్నదే పరీక్ష. నియమాలను ఏ వరసలో వాడినా చివరికి మిగిలేది మాత్రం ఒకటే. వరస మన సౌకర్యం కోసం.

ఆరో అడుగు: ఏమీ మిగలకపోతే

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నామో లేదో మావయ్య వచ్చాడు. "పెళ్లి మీ అమ్మ వైపు వాళ్లదేరా, నేను మాత్రం వెళ్లొద్దా? శుక్రవారం నాకూ కుదరదు" అన్నాడు. ఉన్న ఒక్క వరసలోనూ శుక్రవారం మావయ్యదే. అంటే సున్నా.

సున్నా వస్తే కంగారు పడకండి. నియమాలన్నీ ఒకేసారి నిజం కాలేవన్న గట్టి సమాచారం అది. ఎవరో ఒకరు సడలాలి. ఎవరు? ఒక్కో పాత నియమాన్ని విడిగా తీసేసి, కొత్తదానితో కలిపి మిగతావన్నీ ఉంచి చూడండి. మాకు వచ్చిన లెక్క ఇది:

తాత తర్వాతే పెదనాన్న అన్నది తీసేస్తే 12 వరసలు.
పెదనాన్న బుధవారం గడువు తీసేస్తే 8.
తాత సోమవారం గుడి తీసేస్తే 2.
పక్కపక్క రోజులన్నది తీసేస్తే 2.
మా పెళ్లి తీసేస్తే 1.
బాబాయి మార్కెట్ పని తీసేస్తే సున్నా.

ఆ చివరి సున్నా చూసి నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. ఎందుకంటే ఈ లెక్క వేయకముందు సాయంత్రం అంతా మేం ఫోన్లో బతిమాలింది బాబాయినే. మెత్తటి మనిషి, అడిగితే కాదనడు. పాపం, మంగళవారం మార్కెట్ మానేస్తానని ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకున్నా ముడి విడలేదు, ఎందుకంటే ఆ ముడిలో ఆయన లేనే లేడు. తేలిగ్గా ఒప్పుకునేవాళ్ల దగ్గరికి ముందు పరిగెత్తడం మన అలవాటు. అసలు ఎవరిని అడిగితే లాభమో ముందు తెలుసుకుంటే ఒక మంచి మనిషి రోజు కూలి పోకుండా ఉంటుంది.

ఎవరు సడలితే దారి తెరుచుకుంటుందో చెప్పడం వరకే తర్కం పని. ఎవరు సడలడం న్యాయమో అది చెప్పదు. 12 వరసలు ఇస్తోంది కదా అని శివారు నియమాన్ని తీసేస్తే వచ్చే ఏడు తాత చేను ఎండుతుంది. అంకె పెద్దదైనంత మాత్రాన ఆ దారి మంచిదైపోదు.

ఏడో అడుగు: ఒకటికి మించి మిగిలితే

ఇదీ ఒక జవాబే. రెండు మిగిలాయంటే మీకు తెలిసిన నియమాలు ఆ రెంటి మధ్య తేడా చెప్పలేవని అర్థం. అప్పుడు గొంతు పెంచి ఒకదాన్ని నిరూపించబోవడం దండగ. ఇంకో నియమం దొరుకుతుందేమో వెతకాలి, లేదా ఏదో ఒకటి ఎంచుకుని అది ఎంపికేనని ఒప్పుకోవాలి. పేపర్లో వచ్చే సుడోకు ఆడేవాళ్లకు ఇది బాగా తెలుసు. 81 గళ్లలో ముందే ఇచ్చిన అంకెలు 17 కన్నా తక్కువైతే జవాబు ఒక్కటే రావడం అసాధ్యమని 2012లో కంప్యూటర్‌తో జల్లెడ పట్టి తేల్చారు. 17 ఇచ్చినంత మాత్రాన ఒక్కటే వస్తుందనీ కాదు. పైన చెప్పిన "తే", "తేనే" తేడా ఇక్కడ కూడా ఉంది, చూసుకోండి.

మా సంగతికి వస్తే, కాగితం పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాం. శివారు నియమం ఆయన కోసం పెట్టిందే కాబట్టి అది ముట్టుకోలేదు. గుడి సంగతి మాత్రం నసుగుతూ అడిగాం. తాత చుట్ట ఆర్పి, "సోమవారం వెళ్లడం మీ మామ్మ ఉన్నప్పటి అలవాటు రా. మంగళవారం వెళ్తే స్వామి తలుపు తీయడా ఏంటి?" అన్నాడు. మేం దాన్ని నియమాల పట్టీలో ఆరోదిగా రాసుకుని కూర్చున్నాం.

అలా సోమవారం తాత, మంగళవారం పెదనాన్న, శుక్రవారం బాబాయి ఖాయమయ్యాయి. బుధ, గురువారాల్లో మావయ్య ముందా, మేం ముందా అన్నదానికి ఏ నియమమూ లేదు. చీటీలు వేశాం. బుధవారం మావయ్యకు పడింది. ఇంజను డీజిల్ ఎవరు పోయించాలన్న దాని మీద ఇంకో పంచాంగం అట్ట ఖర్చయింది.